మాన్స్‌ఫీల్డు పార్కు నవలను గూర్చి తొలి పాఠకుల యభిప్రాయములు

ఇంగ్లండు దేశచరిత్రమున 1811 మొదలు 1820 వఱకుఁ గల కాలమును రీజెన్సీ కాల మందురు. మూఁడవ జార్జి రాజు మతిభ్రమణముచే రాజ్యభారము వహింప నశక్తుఁడు కాఁగా, ఆయన జ్యేష్ఠపుత్రుఁడు ప్రతినిధియై పాలించుటచే నా పేరు వచ్చినది. ఆ దినములలో హాంప్‌షైరు మండలమునందలి చాటన్ అను చిన్న గ్రామమున నొక మతాచార్యుని కొమార్తె, ఇంటివారికిని గొందఱు మిత్రులకును దప్ప నితరులకుఁ దెలియకుండ, నవలలు వ్రాయుచుండెను. ఆమెయే జేన్ ఆస్టిన్. ఆమె జీవించియున్నంతకాలము ఏ నవలమీఁదను ఆమె పేరు ముద్రింపఁబడలేదు. 1811లో వచ్చిన మొదటి నవల యొక స్త్రీ వ్రాసిన దని మాత్రము తెలుపఁబడెను. 1813లో వెలువడిన "ప్రైడ్ అండ్ ప్రెజుడిస్" మిక్కిలి యాదరణ పొందెను. మూఁడవదియగు "మాన్స్‌ఫీల్డు పార్కు" 1814 మే నెలలో మూఁడు సంపుటములుగా 18 షిల్లింగుల వెలకుఁ బ్రకటింపఁబడెను.

కథ నెఱుఁగని విద్యార్థులకొఱకు దానిని సంగ్రహముగాఁ జెప్పుదును. ఫానీ ప్రైసు పోర్ట్స్‌మత్ రేవుపట్టణమునందలి యొక బీదకుటుంబపు బాలిక. పదియేండ్ల ప్రాయమున నామెను బెద్దతల్లి భర్తయగు సర్ థామస్ బెర్ట్రామ్ తన గొప్ప భవనమునకుఁ దెప్పించి పెంచును. ఆ యింట నామె బంధువో పరిచారికయో తెలియని స్థితి. మఱియొక పెద్దతల్లి నోరిస్ దొరసాని యనుదినము నామె తక్కువతనమును జ్ఞప్తి చేయుచుండును. ఇంటి రెండవ కుమారుఁడు, మతాచార్యుఁడు కాఁదలఁచిన ఎడ్మండు ఒక్కఁడే యామెయెడ దయ చూపును. లండను నాగరకత గల హెన్రీ క్రాఫర్డును, అతని చెల్లెలు మేరీయు వచ్చినపిమ్మట నందఱి మనస్సులు చలించును. ఎడ్మండు మేరీని వలచును. హెన్రీ ఫానీని బెండ్లాడఁ గోరును. అతని నడవడి నెఱిఁగిన ఫానీ, ఇంటిపెద్ద కోపించినను, అంగీకరింపదు. తుదకు హెన్రీ వివాహితయైన సర్ థామస్ కొమార్తెతో లేచిపోవును. మేరీ యా దోషమును దేలికగా మాటలాడుట విని ఎడ్మండు కన్నులు తెఱచును. ఫానీకి నతనికిని వివాహ మగును.

ఈ గ్రంథము మొదటి కూర్పు ఆఱు నెలలలో నమ్ముడుపోయినను, నాఁటి పత్రికలలో నొక్కటియు దీనిని సమీక్షింపలేదు. మునుపటి రెండు నవలలను బత్రికలు కొంతవఱకైన మెచ్చుకొని యుండఁగా దీనిని గూర్చి మౌనము వహించుట రచయిత్రికిఁ గష్టముగాఁ దోఁచియుండును. 1816లో సర్ వాల్టరు స్కాటు క్వార్టర్లీ రివ్యూలో ఆమె నవలలను గూర్చి వ్రాసినపుడును, దీని పేరైన నెత్తలేదు. అందుకుఁ దనకు విచారము కలిగిన దని ఆమెయే తన ప్రకటనకర్తయగు జాన్ మఱేకు లేఖ వ్రాసినది. పత్రికలు పలుకనపుడు ఆమె యేమి చేసినది? బంధువులు, మిత్రులు, ఇరుగుపొరుగువారు నోట నన్న మాటలను, ఉత్తరములలో వ్రాసిన మాటలను స్వహస్తముతో వరుసగా వ్రాసికొనెను. ఆ కాగితములు నేఁటికిని లండనునందలి బ్రిటిషు గ్రంథాలయమునఁ గలవు.

వానిని జదువునపుడు మొట్టమొదట నాశ్చర్యము గొల్పునది కన్నతల్లి యభిప్రాయము. ఈ నవల తనకు ముందటిదానియంతగా నచ్చలే దనియు, ఫానీ చప్పిడిగా నున్న దనియు ఆ వృద్ధురా లనెను. అక్కయగు కసాండ్రాకు ఫానీ ప్రియమైనది. అయినను గ్రంథమునకుఁ దెలివి యున్నంత తళుకు లే దని యామె తీర్పు. నౌకాదళమునందున్న సోదరులలో ఫ్రాంకు ఫానీని మెచ్చుకొనెను; చార్లెసునకుఁ గథలో సంఘటనలు చాలలేదు. అన్నకుమారులు ఎడ్వర్డు, జార్జిలలో నొకనికి ఫానీ నచ్చినది, రెండవవాని కామె నచ్చకపోవుటయే కాక, మేరీ క్రాఫర్డు తప్ప నెవ్వరును రుచింపలేదు. ఒక యన్నకూఁతురు ఫానీని సహింపఁజాల ననెను. మఱియొక యన్నకూఁతురు ఫానీని మెచ్చి, కథాంతముతోఁ దృప్తి చెందలే దనెను. ఇన్ని భేదములు ఒక్క కుటుంబములోనే! పుఱ్ఱెకొక బుద్ధి యను సామెతకు దీనికంటె మంచి యుదాహరణము దొరకదు.

హెన్రీ లేచిపోవుటను గూర్చిన తగవు మఱింత గమనింపఁదగినది. ఫానీయం దంత ప్రేమ గలవాఁ డట్టి సమయమున నట్లు చేయుట యస్వాభావిక మని యువకుఁడగు ఎడ్వర్డు ఆక్షేపించెను. పెద్దన్న జేమ్సు భార్యకో, అది మిక్కిలి సహజముగాఁ దోఁచెను. సంఘటన మొక్కటియే, వాక్యములు నవియే. ప్రేమ మనుష్యుని మార్చు నని నమ్మువయస్సున నుండినవాఁడు యువకుఁడు; ఏండ్లతరబడి యభ్యసించిన స్వభావ మొక ఋతువులో మాఱదని యెఱిఁగినది గృహిణి. నాకుఁ జూడ గృహిణి మాటయే సరి. హెన్రీ యే మాటయు నిలుపుకొనువాఁడు కాఁడని రచయిత్రి మొదటి సంపుటమునుండియుఁ జూపుచునే వచ్చినది.

నోరిస్ దొరసాని విషయమునఁ గూడ నిట్లే. కథలో నామెకంటెఁ గఠినురాలు లేదు. అయినను దల్లి, ఫ్రాంకు, జేమ్సు భార్య, ఒక యన్నకూఁతురు ఆమెను జూచి యానందించిరి! లాయిడ్ కన్య మాత్రము మునుపటి రెండు నవలలకంటె దీనినే మెచ్చి, ఫానీని బ్రేమించి, నోరిస్ దొరసానిని ద్వేషించెను. పాత్రను ద్వేషించుటయు, పాత్రచిత్రణము నానందించుటయు వేఱువేఱు. ఈ రెంటికిని గల భేదమును బై తరగతుల విద్యార్థులు చక్కఁగా గ్రహింపవలెను.

ఆగస్టా బ్రామ్‌స్టన్ అను నామె మాట నవ్వు పుట్టించును. మునుపటి రెండు నవలలు శుద్ధ నిరర్థకము లని యామె యొప్పుకొని, దీని మొదటి సంపుటము ముగించి, ఇంక గడ్డుభాగము గడచిన దని సంతోషించెనఁట. ప్రకటనకర్త ఎగర్టన్ గ్రంథమునందలి నీతిని, ఎక్కడను బలహీనభాగము లేకపోవుటను గొనియాడెను. కాని రెండవ కూర్పును వేసినవాఁ డాయన కాఁడు. 1816లో మఱే వేసినాఁడు. అది యమ్ముడుపోక, ఆ నష్టమును మఱియొక నవలయగు "ఎమ్మా" లాభములోనుండి తగ్గింపఁగా, రచయిత్రికి "ఎమ్మా"పై మొదట దక్కినది 38 పౌనుల 18 షిల్లింగులు.

"ఎమ్మా" 1815 డిసెంబరులో, ప్రతినిధిగా నుండిన రాజకుమారునకే యంకితమై వెలువడెను. దానిని గూర్చియు నామె యిట్లే యభిప్రాయములు సేకరించినది. ఎడింబరో రివ్యూ సంపాదకుఁడు జెఫ్రీ మూఁడు రాత్రులు నిద్ర మాని చదివె నని యొకరు తెలిపిరి. ఫౌల్ అను నాయన, అది రసవంతముగా లే దని విని, మొదటి ప్రకరణమును దుది ప్రకరణమును మాత్రమే చదివెను! పరీక్షలదినములలో మన విద్యార్థులు కొంద ఱీయన శిష్యులే యని తోఁచును. మతాచార్యుఁడగు షెరర్ గారు మాన్స్‌ఫీల్డు పార్కును అన్నింటికంటె మెచ్చినవారు. కాని ఆమె చిత్రించిన మతాచార్యుల రూపములు తమకు నచ్చలే దనిరి. ఆయన బాధ నర్థము చేసికొనవచ్చును. ధనికుల యెదుట వంగి వంగి నమస్కరించు కాలిన్సును, కట్నముగల కన్యకై వెదకు ఎల్టనును చూచి యే ఆచార్యుఁడు సంతోషించును? అయితే ఆమె తండ్రియు, పెద్దన్నయు నా వృత్తిలోనివారే. ఆ వృత్తియెడ గౌరవము గలది కాఁబట్టియే దాని వేషధారులను క్షమింపలేకపోయిన దని నా యభిప్రాయము. మేరీ పరిహసించినను ఎడ్మండు తాను గోరుకొన్న సేవను విడువఁడు గదా.

ఆ కాగితములలో లేనిది యొకటి కలదు. సర్ థామసునకు వెస్టిండీసు దీవులలో నొకటియైన ఆంటీగ్వాలో ఆస్తి కలదు. అచటి సేద్యము బానిసలచే నడచునది. ఆయన తిరిగివచ్చినపుడు ఫానీ బానిసవర్తకమును గూర్చి యడుగఁగా, తక్కినవా రెవ్వరును బలుకక నిశ్శబ్దముగా నుందురు. బ్రిటిషు పార్లమెంటు 1807లో నా వర్తకమును నిషేధించి యప్పటికి ఏడేండ్లే. అయినను తొలి పాఠకులలో నొక్కరును ఆ ఘట్టమును బేర్కొనలేదు. 1993లో ఎడ్వర్డు సైద్ తన గ్రంథమునఁ జర్చించిన పిమ్మట లోకమున ననేకులు దానివైపు దృష్టి మరల్చిరి. కథలోని నిశ్శబ్దమునే పాఠకులును బాటించి రన్నమాట.

ఇన్ని మాటలు విన్న రచయిత్రి వానికి జవాబు వ్రాయలేదు. తల్లి నిందను దాఁచలేదు, ప్రకటనకర్త పొగడ్తకు మెఱుగు పెట్టలేదు. రెండవ కూర్పునందు నౌకావిషయములైన మాటలు కొన్ని సవరించినదే గాని, ఫానీని మార్చలేదు, కథాంతమును మార్చలేదు. అంతటితో నాగక, చప్పిడి నాయిక యని యింటనే వినియు, 1815లో నారంభించిన "పర్స్యుయేషన్"లో మరలఁ దనవారిచే నలక్ష్యము చేయఁబడిన మితభాషిణినే నాయికగా నిలిపెను. అది ముద్రితమగుటకు ముందే, 1817 జూలై 18వ తేదీని విన్‌చెస్టరు పట్టణమునఁ దన నలువదియొకటవ యేఁట ఆమె మరణించెను.

1954లో అమెరికా విమర్శకుఁడు లయొనెల్ ట్రిల్లింగ్, ఫానీని ఇష్టపడఁగలిగినవా రెవ్వరును లే రని తాను దలఁచుచున్నట్లు వ్రాసెను. 1814 నాఁటి కాగితములలోనో, కసాండ్రా యున్నది, ఫ్రాంకు, ఎడ్వర్డు ఉన్నారు, నోరిస్ దొరసానిని ద్వేషించిన లాయిడ్ కన్యయు నున్నది.