మెదడులో ఏ భాగం దెబ్బతింటే ఏమవుతుంది?

పోటీ పరీక్షల ప్రత్యేకం: జనరల్ సైన్స్

జతపరచండి రూపంలో అడిగే అవకాశం ఎక్కువ.

• ఫ్రాంటల్ లోబ్: నిర్ణయశక్తి, నిగ్రహం సన్నగిల్లుతాయి. ఉదాహరణ: అమెరికా రైల్వే ఫోర్‌మన్ ఫినియాస్ గేజ్. 1848 సెప్టెంబరు 13న పేలుడులో ఇనుప కడ్డీ ఎడమ చెంపలో దూరి నెత్తి మీదుగా బయటికొచ్చింది. ప్రాణం దక్కింది, స్వభావం మారింది.

• బ్రోకా ప్రాంతం (గుర్తించినది 1861): మాట అర్థమవుతుంది, పలకడం కష్టం.

• వెర్నికె ప్రాంతం (గుర్తించినది 1874): ధారాళంగా మాట్లాడతారు, అర్థం ఉండదు. ఈ రెండింటినీ తారుమారు చేసి అడుగుతారు, జాగ్రత్త.

• హిప్పోకాంపస్: కొత్త జ్ఞాపకాలు నిలవవు. ఉదాహరణ: రోగి హెన్రీ మొలైసన్, మెదడు శస్త్రచికిత్స 1953.

• అమిగ్డాలా: భయాన్ని గుర్తించలేరు.

• కుడి పెరైటల్ లోబ్: ఎడమ వైపు ధ్యాస ఉండదు. కంచంలో ఎడమ సగం అన్నం అలాగే వదిలేస్తారు.

• ఆక్సిపిటల్ లోబ్: కళ్లు బాగున్నా చూపు పోతుంది.

• అనుమస్తిష్కం: నడక తూలుతుంది.

• సబ్‌స్టాన్షియా నైగ్రా: డోపమైన్ తగ్గి పార్కిన్సన్ వ్యాధి.

• మజ్జాముఖం: శ్వాస ఆగే ప్రమాదం.

రాష్ట్ర కోణం: మెదడువాపు వ్యాధి (జపనీస్ ఎన్‌సెఫలైటిస్) 1999లో అనంతపురం జిల్లాలో ప్రబలింది. వాహకం క్యూలెక్స్ దోమ. ప్రధానంగా థలామస్‌ను దెబ్బతీస్తుంది.

చట్టాలు: హెల్మెట్‌కు మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 129. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో 21 వైకల్యాలు. పార్కిన్సన్ వాటిలో ఒకటి.

కోయిలకుంట్ల నుంచి నంద్యాలకో, ఆళ్లగడ్డకో బండి మీద కోచింగ్‌కు వెళ్లే అభ్యర్థులారా, హెల్మెట్ పెట్టుకుని పట్టీ బిగించండి. చదివినదంతా దాచుకునేది ఆ తలలోనే.