రిపోర్టు చేతికొచ్చాక: క్యాన్సర్ ఇంటివాళ్లకు ఏడు మాటలు

రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను. హైదరాబాద్‌లోని నాగోల్‌లో ఉంటున్నాను. చుట్టుపక్కల ఎవరింట్లో క్యాన్సర్ అని తేలినా ఫైలు పట్టుకొచ్చి, "బాబాయ్, ఈ నంబర్ ఇంతుంది, గండం గట్టెక్కుతామా?" అని అడుగుతారు. వైద్యం చెప్పాల్సింది డాక్టరే. రిపోర్టును ఎలా చూడాలో మాత్రం నేను చెప్పగలను.

1. ఒక్క అంకెకే బెంబేలెత్తకండి. అండాశయ క్యాన్సర్‌లో పెరిగే సీఏ-125 నెలసరిలోనూ పెరగొచ్చు, కడుపులో టీబీ ఉన్నా పెరగొచ్చు. పొగతాగేవాళ్లలో సీఈఏ కాస్త ఎక్కువుంటుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే ప్రోస్టేట్ క్యాన్సర్‌కు చూసే పీఎస్ఏ లేస్తుంది. చాలావరకు క్యాన్సర్ అని తేల్చేది ముక్క పరీక్షే (బయాప్సీ). మందు పనిచేస్తోందా, జబ్బు తిరగబెడుతోందా అని కనిపెట్టడానికే ఇలాంటి మార్కర్లు ఎక్కువగా పనికొస్తాయి.

2. అంకె ఎటు పోతోందో చూడండి. పెద్దపేగు ఆపరేషన్ తర్వాత సీఈఏ మామూలుకు దిగితే మంచి సూచన. దిగింది మళ్లీ ఎక్కుతూ పోతే డాక్టర్లు స్కాన్ రాస్తారు. ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించండి. కిట్ మారితే అంకె కూడా మారుతుంది.

3. రక్తం తీసిన తీరు కూడా ముఖ్యమే. లింఫోమాలో (లింఫు కణాల క్యాన్సర్) జబ్బు తీవ్రతను అంచనా వేయడానికి ఎల్‌డీహెచ్ అనే ఎంజైమును చూస్తారు. అది ఎర్రకణాల్లోనూ దండిగా ఉంటుంది. సిరంజితో గట్టిగా లాగినా, ట్యూబును విసురుగా ఊపినా కణాలు చితుకుతాయి. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాక పైన తేలే సీరం లేత గడ్డిరంగులో ఉండాలి. గులాబీ రంగుకు తిరిగితే ఎల్‌డీహెచ్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. రిపోర్టు కింద 'హిమోలైజ్డ్' అని ఉంటే మళ్లీ రక్తం ఇవ్వండి.

4. పెట్ స్కాన్‌కు చెప్పిన టైముకే వెళ్లండి. ఎక్కించేది ఫ్లోరిన్-18 తగిలించిన చక్కెర. ఆ ఫ్లోరిన్ రేడియేషన్ 110 నిమిషాలకల్లా సగానికి పడిపోతుంది. సాధారణంగా ఆరు గంటల ముందు నుంచి ఏమీ తినకూడదు, మంచినీళ్లు తాగొచ్చు. ఇంజెక్షన్ అయ్యాక గంటసేపు కదలకుండా, మాట్లాడకుండా పడుకోవాలి. లేకపోతే కాళ్ల కండరాలు, గొంతు కండరాలు ఆ చక్కెరను లాగేసుకుంటాయి. షుగర్ ఉంటే ముందే చెప్పండి.

5. ఆ చక్కెరను లాగి స్కాన్‌లో వెలిగిందల్లా క్యాన్సర్ కాదు. టీబీ గడ్డ కూడా వెలుగుతుంది. మన దేశంలో టీబీ ఎక్కువ కాబట్టి ఈ సంగతి గుర్తుంచుకోవాలి. లింఫోమాకైతే 2009లో ఫ్రాన్స్‌లోని డోవిల్ పట్టణంలో నిపుణులు సమావేశమై ఐదు మెట్ల కొలత పెట్టారు. గడ్డ వెలుగును లివర్ వెలుగుతో పోలుస్తారు. 1 నుంచి 3 దాకా వస్తే సాధారణంగా మందు పట్టినట్టే. 4, 5 వస్తే జబ్బు మిగిలిందేమోనని చూసి, అవసరమైతే మళ్లీ ముక్క తీస్తారు.

6. మనిషి ఓపిక కూడా లెక్కలోకి వస్తుంది. వేగంగా పెరిగే లింఫోమాలకు 1993లో వచ్చిన ఐపీఐ లెక్క ఐదు సంగతులు చూస్తుంది: వయసు 60 దాటిందా, ఎల్‌డీహెచ్ ఎక్కువుందా, స్టేజీ ఎంత, జబ్బు లింఫు గ్రంథులు దాటి ఎన్నిచోట్లకు పాకింది, రోగి తన పనులు తాను చేసుకుంటున్నారా. "స్నానం మీరే చేస్తున్నారా?" అని డాక్టర్ అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. పరువుకు పోయి దాచకండి.

7. శాతాలు వందలమందిని చూసి కట్టినవి. మీ అమ్మకు ఏమవుతుందో అవి తేల్చి చెప్పలేవు. పైగా మందులు మారితే లెక్కలూ మారతాయి. లింఫోమా మందు రిటుక్సిమాబ్ వచ్చాక ఫలితాలు మెరుగుపడి, 2007లో ఆ ఐపీఐనే సవరించారు. అందుకే "ఎన్నాళ్లు?" అని మాత్రమే అడిగి ఊరుకోకండి. "ఈ రిపోర్టును బట్టి చికిత్సలో ఏం మారుస్తారు?" అనీ అడగండి.

రెడ్‌హిల్స్‌లో 1955 నుంచి ఉన్న ఎంఎన్‌జే సర్కారు క్యాన్సర్ ఆసుపత్రికి నాగోల్ నుంచి మెట్రోలోనే వెళ్లొచ్చు. అమీర్‌పేటలో రైలు మారి లక్డీకాపూల్‌లో దిగాలి. అక్కడికెళ్లినా ఇంకెక్కడికెళ్లినా పాత స్కాన్ సీడీలు, ముక్క పరీక్ష రిపోర్టు, తేదీలవారీగా రాసుకున్న మార్కర్ల కాగితం వెంట ఉండాలి. అంకె బాగుందని గానీ, బాలేదని గానీ కీమో మధ్యలో మానొద్దు. ఆ మాట డాక్టర్ నోటనే రావాలి.