తుడిచే ముందు ఒకసారి చదువు

తెనాలి,
ఆదివారం.

చిరంజీవి సింధుకు పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న రాత్రి నువ్వు ఫోన్లో ఏడ్చిన దగ్గర్నుంచి నా మనసు నీ దగ్గరే ఉంది. సంక్రాంతి సెలవుల్లో ఇంటి టీవీలో యూట్యూబ్ నీ ఖాతాతో తెరిచి, అలాగే వదిలేసి హాస్టల్‌కి వెళ్లిపోయావు. నువ్వు అర్ధరాత్రి దుప్పటి ముసుగులో చూసినవన్నీ పొద్దున్నే హాల్లో అమ్మ కంటపడ్డాయి. 'సెమిస్టర్ ఫెయిలైతే ఏం చేయాలి', 'ఇంజినీరింగ్ మధ్యలో మానేస్తే' అంటూ వరసగా. "అదంతా ఎలా తుడిచేయాలో చెప్పు పెద్దమ్మా, చాలు" అన్నావు. చెబుతాను. కానీ తుడిచే ముందు దాన్ని నువ్వొకసారి చదవాలి. ఈ ఉత్తరం అందుకే.

ముందుగా, తప్పేదో చేసినట్టు కుమిలిపోకు. నేను ముప్పై ఏళ్లు శాఖా గ్రంథాలయంలో పనిచేశాను. ఒకసారి ఒకాయన వచ్చి, తన కూతురు ఏ పుస్తకాలు తీసుకెళ్తోందో రిజిస్టరు చూపించమన్నాడు. నేను రిజిస్టరు మూసి సొరుగులో పెట్టాను. "అమ్మాయినే అడగండి, చెబుతుంది" అన్నాను. ఎవరు ఏం చదివారు, ఏం చూశారు అన్నది వాళ్ల సొంత విషయం. 1987లో అమెరికాలో రాబర్ట్ బోర్క్ అనే న్యాయమూర్తిని సుప్రీంకోర్టుకు ప్రతిపాదించినప్పుడు, ఆయన ఇంటికి అద్దెకు తెచ్చుకున్న 146 వీడియో క్యాసెట్ల జాబితాను ఒక వారపత్రిక సంపాదించి దాని మీద వ్యాసం అచ్చేసింది. ఆ మరుసటి ఏడే, అనుమతి లేకుండా అలాంటి జాబితాలు బయటపెట్టకూడదని అక్కడ చట్టం చేశారు. మన సుప్రీంకోర్టు కూడా 2017 ఆగస్టు 24న గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పింది. కాబట్టి ఆ చిట్టా నీది. దాన్ని అందరికన్నా ముందు చదవాల్సిందీ నువ్వే.

ఎక్కడుంటుందో చెబుతాను. ఫోన్లో యూట్యూబ్ తెరిస్తే కింద కుడివైపు చివర 'యూ' అని ఉంటుంది. అది నొక్కితే 'హిస్టరీ' కనిపిస్తుంది. ఏ రోజు ఏం చూశావో కొత్తవి పైన, పాతవి కింద ఉంటాయి. సగంలో వదిలేసిన పాఠం మళ్లీ దొరకడం లేదంటుంటావు కదా, అక్కడ గుర్తున్న ఒక్క మాట కొట్టి వెతుకు, దొరుకుతుంది. అదే పేజీలో పైమూల మూడు చుక్కలు నొక్కితే 'మేనేజ్ ఆల్ హిస్టరీ' వస్తుంది. అందులో ఏ వీడియో ఎన్ని గంటలకు చూశావో కూడా ఉంటుంది. ఫేస్‌బుక్‌లో అయితే 'యాక్టివిటీ లాగ్' లోపల చూసిన వీడియోల జాబితా ఉంటుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్‌కి ఈ సౌకర్యం 2025 అక్టోబరులో వచ్చింది. 'యువర్ యాక్టివిటీ'లో 'వాచ్ హిస్టరీ' అని వెతుకు.

ఇప్పుడొక కాగితం తీసుకో. ఈ రెండు వారాల్లో రాత్రి పన్నెండు దాటాక చూసినవి రాసుకో. వాటిలో నువ్వు వెతుక్కుని చూసినవేవి, ఒకటి అయిపోగానే దానంతటదే వచ్చి ఆడినవేవి, విడదీసి చూడు.

నాకు షుగరుందని తెలిసిన నెలలో నేనూ ఇలాగే రాత్రిళ్లు ఫోను పట్టుకుని కూర్చున్నాను. ఒకాయన అన్నం మానేయమంటాడు, ఇంకొకాయన మాత్రలే మానేయమంటాడు. ఒకరోజు హిస్టరీ తెరిచి చూసుకున్నాను. మొదటిది 'షుగరు ఉన్నవాళ్లు ఏం తినాలి' అని నేను వెతికింది. రాత్రి రెండయ్యేసరికి కాళ్లు తీసేయాల్సి వచ్చినవాళ్ల కథల దాకా వెళ్లాను. వాటిని నేను వెతకలేదు. మనం దేని దగ్గర ఆగి చూస్తామో దాన్నిబట్టి యూట్యూబ్ తర్వాతది తెచ్చిపెడుతుంది. నేను భయంతో ఆగాను, అది భయాన్నే వడ్డిస్తూ పోయింది. మర్నాడు మీ పెదనాన్నను వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాను. నా ప్రశ్నలన్నీ పది నిమిషాల్లో తేలిపోయాయి.

చదివావా? ఇక తుడువు. ఒక్కో వీడియో పక్కనున్న మూడు చుక్కలు నొక్కి 'రిమూవ్' అను. ఒకచోట తీసేస్తే ఆ ఖాతా చిట్టాలోంచే పోతుంది, ఇంటి టీవీలోనూ కనిపించదు. వెతికిన మాటల చిట్టా వేరు, దాన్ని విడిగా తుడవాలి. లైకులు, కామెంట్లు మాత్రం అలాగే ఉంటాయి. మొత్తం ఒక్కసారే ఊడ్చేయకు. నీ పాఠాలు, నువ్వు ఇష్టంగా వినే వీణ కచేరీలు అందులోనే ఉన్నాయి. రేపు మంచివి తెచ్చిపెట్టేది అవే. 'ఆటో డిలీట్'లో 3, 18, 36 నెలలు అని ఉంటాయి, 3 పెట్టుకో. పరీక్షల నెలలో హిస్టరీ ఆపేయాలంటే 'పాజ్' కూడా ఉంది. హిస్టరీ ఆపేసి, పాతది కూడా పెద్దగా లేకపోతే హోం పేజీలో సిఫార్సులు రావు. కావలసిన పాఠం వెతుక్కుని, చూసి మూసేయొచ్చు. టీవీలో నీ ఖాతా తీసేయమని తమ్ముడికి చెప్పు. ఇంకెవరి చేతికైనా ఫోనిచ్చేటప్పుడు 'ఇన్‌కాగ్నిటో' పెట్టి ఇవ్వు.

ఒక్క సంగతి మిగిలింది తల్లీ. ఆ కాగితం మీద రాసినవి చదివితే నువ్వు అడుగుతున్నది ఒకే ప్రశ్న అని నీకే తెలుస్తుంది. దాన్ని మనిషిని అడగాలి. మీ ట్యూటర్ ఉన్నారు, నేనున్నాను. రాత్రి మరీ బరువుగా ఉంటే కేంద్ర ప్రభుత్వపు టెలీమానస్ ఉంది, 14416. డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళయినా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

అమ్మ కోపంగా లేదు. నిన్న నాకు ఫోన్ చేసి, "నాతో ఎందుకు చెప్పుకోలేదక్కా?" అని ఒకటే బాధపడింది. టీవీ చూపించింది వీడియోల పేర్లే. వాటి వెనక ఏముందో నువ్వే చెప్పు. ఈ రాత్రే ఫోన్ చెయ్యి.

ప్రేమతో,
మీ పెద్దమ్మ