ఆఫీసు తగవులు - అరుగు మార్చి చూద్దాం

డిగ్రీ చేతికొచ్చాక మనలో చాలామంది కోరుకునేది ఏదో ఒక ఆఫీసులో కుర్చీ. అందులో కూర్చున్న మర్నాటినుంచే తగవులు మొదలవుతాయి. ఫైలు ఎవరు చూడాలి, సెలవు ముందెవరికి, ఉన్న ఒక్క కంప్యూటరు ఎవరిది! చిన్న విషయాలే గానీ రోజూ ఉండేవి. మా ఫిజిక్సు, కెమిస్ట్రీ పాఠాల్లో వీటి ఊసే లేదు.

అమెరికాలో మేరీ పార్కర్ ఫాలెట్ అనే ఆవిడ 1925లో దీనిమీదే ప్రసంగించారు. తగవు తీరడానికి మూడు దారులన్నారు. ఒకరు నెగ్గి ఇంకొకరు ఓడడం, చెరికొంత వదులుకుని రాజీపడడం, ఇద్దరి అవసరమూ తీరే కొత్త ఏర్పాటు వెతకడం. మొదటి రెండూ మన రచ్చబండలు ఎరిగినవే. మూడోదానికి ఆవిడ చెప్పిన ఉదాహరణ పాలకేంద్రానిది గనక నాకు చటుక్కున ఎక్కింది. ఆ కేంద్రం వాలులో ఉంది. పైనుంచి దిగివచ్చే రైతులు క్యాన్లు మేమే ముందు దించాలంటారు, కిందినుంచి ఎక్కివచ్చేవాళ్ళు కాదు మేమంటారు. సహకార సంఘం విచ్చిపోయేదాకా వచ్చింది. చివరికి ఒక ప్రొఫెసర్ సలహాతో క్యాన్లు దించే అరుగును జరిపారు. రెండువైపులవాళ్ళూ ఒకేసారి దించుకున్నారు. వంతుల మాటే లేదు! మా నాయన ఇది విని, "మన కాలవకాడ కూడా అట్టా మార్చి చూడాల్సిందే" అన్నాడు.

ఇక మన నెల్లూరు తీరానికి వద్దాం. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. ఇందుకూరుపేట, విడవలూరు వైపు రబీ వరి నాటాక అక్కడ తరచూ వినబడే తగవు కౌలుది. ఈ-క్రాప్‌లో తన పేరు లేకపోతే వడ్లు మద్దతు ధరకు అమ్ముకోవడం కష్టమని కౌలురైతు బాధ. పేరెక్కితే భూమి చేజారుతుందని ఆసామి భయం. ఇద్దరూ కలిసి ఉద్యోగిమీద విరుచుకుపడతారు. ఆ ఉద్యోగి రెవెన్యూవాళ్ళను అడగమంటాడు, వాళ్ళు వ్యవసాయ సహాయకుణ్ణి అడగమంటారు.

నిజానికి 2019లో వచ్చిన పంటసాగుదారుల హక్కుల చట్టం అరుగు జరిపినట్టే ఉంది. 11 నెలల ఒప్పందం. పంటమీద హక్కు కౌలుదారుకు, భూమిమీద హక్కు ఆసామికే. కానీ ఆసామి సంతకం కావాలి, భయం పోనిదే సంతకం రాదు. కాబట్టి ఆ కుర్చీలో ఉన్నవాడు "రూలు ఇంతే" అని ఊరుకోకుండా, "నీకు దేనికి భయం?" అని ఒక్కొక్కరినీ విడిగా అడిగి, కాగితం చదివి వినిపించాలి. పది నిమిషాల పని. అది చేయకపోతే కౌలురైతు వడ్లను దళారి చెప్పిన ధరకే తోలుకోవాలి.

అన్ని తగవులకూ ఈ మందు పనిచేయదు. లంచం అడిగేవాడితో మధ్యేమార్గం ఏముంటుంది? అక్కడ అర్జీ రాసి రసీదు తీసుకోవాలి. మన కాగితం ఏమైందో 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆడవాళ్ళను వేధించినచోట "సర్దుకుపో అమ్మా" అనడం మరీ అన్యాయం. 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసేచోట ఫిర్యాదుల కమిటీ ఉండాలి, దానికి మహిళే అధ్యక్షురాలు. అంతకన్నా చిన్న ఆఫీసులో పనిచేసే చెల్లెళ్ళకు జిల్లాస్థాయి కమిటీ ఉంది. ఫిర్యాదు మూడు నెలల్లోపు రాసివ్వాలి. ఉద్యోగంలో చేరిన రోజే ఆ కమిటీలో ఎవరెవరున్నారో అడిగి తెలుసుకోండి.