అతుకు గట్టిదైతేనే బండి ఆగకుండా నడుస్తుంది
(మోడల్ రైలు వైరింగుపై ఒక పాఠం)



రాజమండ్రి దగ్గర గోదావరి మీది రైలు వంతెనలు మనకు కొత్త కాదు. 1900 నుంచి 1997 వరకు బండ్లను మోసిన హేవలాక్ వంతెన, 1974 నాటి రోడ్డు-రైలు వంతెన, ఆ తర్వాత వచ్చిన ఆర్చి వంతెన. సైన్సు ప్రదర్శన అనగానే వీటిలో ఒకదాన్ని అట్టతో చేసి, పైన బొమ్మ రైలు నడపాలనిపిస్తుంది. వంతెన చక్కగా కుదురుతుంది. బండి మాత్రం సగం దారిలో నీరసించి ఆగుతుంది. లోపం చాలాసార్లు ఇంజనులో కాదు, అతుకులో ఉంటుంది. పూర్వ విద్యార్థులుగా ఈ విషయం మీకు వివరంగా చెప్పాలనుకున్నాం.

కారణం: మోడల్ రైలుకు పట్టాలే తీగలు. సాధారణంగా 12 వోల్టుల డి.సి. వాటి గుండానే మోటారుకు చేరుతుంది. పట్టా ముక్కలను కలిపే ఫిష్‌ప్లేటు వదులైనా, మన డెల్టా తేమకు మసిబారినా నిరోధం పెరుగుతుంది. ఒక్కో అతుకు దగ్గర 1 ఓము నిరోధం ఉండి, బండి 1 ఆంపియరు తీసుకుంటే, ఓమ్ నియమం ప్రకారం అతుకుకు 1 వోల్టు పోతుంది. అయిదు అతుకులు దాటేసరికి మిగిలేది 7 వోల్టులే!

ఉపాయం: బల్ల కింద 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలు రెండు, ఎరుపు ఒకటి, నలుపు ఒకటి, పొడవునా వేయండి. ప్రతి పట్టా ముక్క నుంచి ఒక చిన్న తీగ దింపి వాటికి కలపండి. అప్పుడు ఫిష్‌ప్లేటుపై ఆధారపడే పని ఉండదు. నిజమైన రైల్వేలో కూడా సిగ్నళ్ళ ట్రాక్ సర్క్యూట్ల కోసం పట్టాల అతుకుల దగ్గర విడిగా తీగలు కడతారు.

అతికే పద్ధతి:
1. తీగను, పట్టా పక్క భాగాన్ని మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్దాలి.
2. తీగలను ముందు గట్టిగా మెలిపెట్టాలి.
3. వేడి చేయవలసింది సోల్డరును కాదు, అతుకును. అతుకు వేడికే సోల్డరు కరిగి పారాలి.
4. చల్లారేదాకా కదపరాదు. గోళీలా ఉబ్బి నిలిస్తే అది పచ్చి అతుకు, మళ్ళీ చేయాలి.
5. మెల్లగా లాగి చూసి, మల్టీమీటరుతో పరీక్షించి, టేపు చుట్టాలి.
6. సోల్డరులో సీసం ఉండవచ్చు. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

తమ్ముళ్ళూ, ఈ పాఠం బొమ్మ రైలుతో ఆగదు. 12 వోల్టుల దగ్గర వదులు అతుకు బండిని ఆపుతుంది. 230 వోల్టుల ఇంటి వైరింగులో అదే వదులు అతుకు వేడెక్కి, తొడుగు కరిగి, నిప్పు పుట్టిస్తుంది. కనుక గదిలో ప్లగ్గు వెచ్చబడినా, స్విచ్చి చిటపటలాడినా వెంటనే వార్డెను గారికి చెప్పండి. మీరు మాత్రం విప్పకండి. ప్రయోగాలన్నీ 12 వోల్టుల దగ్గరే చేయండి.

రేపు ఐ.టి.ఐ.లోనో, పాలిటెక్నిక్‌లోనో చేరి ఈ విద్యనే వృత్తిగా చేసుకునేవారు మీలో ఉంటారు. కంటికి కనిపించని చోట కూడా అతుకును శుభ్రంగా చేసేవాడే మంచి పనివాడు. మీ బండి ఆగకుండా వంతెన దాటాలని మా ఆకాంక్ష.