చెక్కతో గౌను

అక్కలారా! లంబాడీ ఆడవాళ్ల లంగా, రవికె మీరు చూసే ఉంటారు. మీలో కొందరు కట్టుకునేవాళ్లే కావచ్చు. వాటి మీద ఏముంటాయి? అద్దం ముక్కలు, గవ్వలు, పూసలు, పాత బిళ్లలు. అద్దం మొహం చూసుకోవడానికి. బిళ్ల బజారులో చెల్లడానికి. గవ్వ సముద్రంలో పుట్టింది. వీటిలో ఏదీ బట్ట కాదు. అయినా సూదీ దారం పట్టిన చెయ్యి వాటన్నిటినీ బట్టలో కలిపేసింది.

ఇలా బట్ట కాని వాటితో కూడా దుస్తులు చేసే పెద్ద పోటీ ఒకటి ఉంది. అది న్యూజిలాండ్ దేశంలో జరుగుతుంది. కేంద్రంలో ప్రపంచ పటం ఉంటే చూడండి. ఆస్ట్రేలియా దాటి ఇంకా తూర్పుకు పోతే సముద్రంలో రెండు పెద్ద దీవులు కనిపిస్తాయి. అదే ఆ దేశం. అక్కడ జనం సుమారు 50 లక్షలు. గొర్రెలేమో 2 కోట్ల పైమాటే!

ఆ పోటీ మొదలుపెట్టింది ఒక స్త్రీ. పేరు సూజీ మాంక్రీఫ్. ఆమె శిల్పి, అంటే బొమ్మలు చేసే మనిషి. నెల్సన్ అనే ఊరికి దగ్గర్లో, ఒక పల్లెలో, బొమ్మలు చూపించే ఇల్లు ఒకటి ఉండేది. బొమ్మలు చూడటానికి పనిగట్టుకుని పల్లెకు ఎవరొస్తారు? జనాన్ని ఎలా రప్పించాలి? ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. గోడ మీద ఉండే కళను మనిషి ఒంటి మీదికి తెస్తే?

1987లో మొదటి ప్రదర్శన పెట్టారు. హాలు లేదు. డేరా వేశారు. ఆ రాత్రి వాన. అయినా సుమారు 200 మంది వచ్చారు.

ఈ పోటీకి పెద్ద చదువులు అడగరు. వడ్రంగి రావచ్చు, ఇల్లాలు రావచ్చు, విద్యార్థి రావచ్చు. కాని ఒకటి తప్పదు. చేసింది మనిషి వేసుకోవాలి. వేసుకుని వేదిక మీద నడవాలి. బొమ్మకు తొడిగి నిలబెడితే చాలదు. కూర్చితే ఊడకూడదు, నడిస్తే చిరగకూడదు. అసలు కష్టం అక్కడే ఉంది.

2009లో మొదటి బహుమతి ఒక చెక్క గౌనుకు వచ్చింది. అవును, చెక్కే! మహాగని, దేవదారు వంటి కలపతో చేసింది. చేసినాయన అమెరికాలోని అలాస్కా నుంచి వచ్చాడు. 2019లో ఇండోనేషియా ఆయన ఒకరు గెలిచారు. ఆయన వాడింది పాత కాగితం. ఆ దుస్తుల పేరుకు 'వీరవనిత' అని అర్థం. కాగితం చిరిగిపోదా అంటారేమో. విడి కాగితం చిరుగుతుంది. మెలిపెట్టి పేనితే గట్టిపడుతుంది. గోగునార పేనిన చేతులకు ఈ సంగతి వేరే చెప్పాలా?

ఇంకో ముచ్చట. నవ్వకండి మరి! లోపలి బాడీలకు కూడా ఆ పోటీలో విడిగా ఒక విభాగం ఉండేది. ఎంత వింతగా చేస్తే అంత మెచ్చుకోలు. మనం చీర చాటున దాచి ఆరేసుకునే బట్ట అక్కడ వేదిక ఎక్కింది.

ఈ దుస్తులతో నీళ్లకు పోలేం, నాట్లు వేయలేం. తిన్నదరగని వాళ్ల వేడుక అని ఎవరైనా అనొచ్చు. నాకలా అనిపించదు. ఎందుకంటే అక్కడ ప్రతి దుస్తులతోపాటు చేసినవాళ్ల పేరు చెబుతారు. మన దగ్గర? లంబాడీ కుట్టుపని చేసిన సంచి పట్నం దుకాణంలో వేలాడుతుంది. ధర చీటీ ఉంటుంది. కుట్టినామె పేరు మాత్రం ఉండదు. ఎన్ని రాత్రులు కళ్లు పొడుచుకుని కుట్టిందో కొన్నవాళ్లకు తెలియదు.

పోటీ పెరిగింది. వేరే దేశాలవాళ్లూ రాసాగారు. నెల్సన్ చిన్న ఊరు. అందుకని 2005లో ప్రదర్శనను రాజధాని వెల్లింగ్టన్‌కు మార్చారు. నెల్సన్ వాళ్లు చాలా బాధపడ్డారు. తమ ఊళ్లో పుట్టినది తమను వదిలి పోయిందని వాళ్ల బాధ. పెద్ద ఊరికి పోకపోతే అంతమంది చూసేవారూ కాదు. ఇందులో ఎవరిది తప్పు అనలేం.

2012లో ఆ దేశం సూజీ గారికి 'డేమ్' అనే పెద్ద బిరుదు ఇచ్చింది. కరోనా వల్ల 2020, 2021లో ప్రదర్శన ఆగింది. 2022లో మళ్లీ మొదలైంది.

ఇప్పుడు పలకో నోటు పుస్తకమో తీయండి. మీ ఇంట్లో బట్ట కాని వస్తువులు మూడింటి పేర్లు రాయండి. సిమెంటు సంచి, కొబ్బరి పీచు, మందుల అట్ట, ఏదైనా సరే. వాటితో ఒంటికి వేసుకునేది ఏం చేయొచ్చో పక్కవాళ్లతో మాట్లాడండి. నడిస్తే ఊడకుండా ఎలా బిగించాలో కూడా చెప్పుకోండి. తర్వాత దాని బొమ్మ గీయండి. బొమ్మ కింద మీ పేరు రాయండి. ఇంటి పేరుతో సహా, పూర్తిగా.