కరోనా కాలం - ఆహార రుగ్మతలు
2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కొవిడ్‌ను మహమ్మారిగా పేర్కొంది. అదే నెల 23న బ్రిటన్‌లో లాక్‌డౌన్ మొదలైంది. బడులు మూతపడ్డాయి, ఆటలు, స్నేహాలు ఆగిపోయాయి, బరువు గురించిన మాటలు సోషల్ మీడియాలో పెరిగాయి. ఈ ఒత్తిడిలో కొందరు పిల్లలు తిండిని కట్టడి చేసుకోవడమే తమ చేతిలో మిగిలిన పట్టు అనుకున్నారు.

ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ నిబంధన గుర్తుంచుకోదగినది: ఆహార రుగ్మత ఉన్న పిల్లలకు, యువతకు అత్యవసరమైతే వారంలో, మామూలు కేసైతే నాలుగు వారాల్లో చికిత్స మొదలవ్వాలి. 2020-21 నాటికి 95 శాతం మందికి ఇది అందాలన్నది లక్ష్యం. సరిగ్గా ఆ ఏడాదే అత్యవసర కేసులు దాదాపు రెట్టింపయ్యాయి. లక్ష్యం తప్పింది, నిరీక్షణ జాబితా పెరిగింది. ఆలస్యం ఇక్కడ చిన్న విషయం కాదు: మానసిక వ్యాధుల్లో మరణాల రేటు అత్యధికంగా ఉన్నవాటిలో, బరువు పెరుగుతామన్న భయంతో తిండి మానేసే అనొరెక్సియా నెర్వోజా ఒకటి. తిండి బాగా తగ్గించేస్తే గుండె లయ కూడా దెబ్బతింటుంది.

ఆహార రుగ్మతల్లో మరికొన్ని రకాలూ ఉన్నాయి. అతిగా తిని కక్కేయడం బులీమియా లక్షణం. కక్కకుండా, అదుపు లేకుండా తినడం బింజ్ ఈటింగ్ రుగ్మత.

మన దేశంలో మహమ్మారి తెచ్చిన మానసిక సమస్యల దృష్ట్యా 2022-23 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన టెలి మానస్ అనే ఫోన్ సహాయ సేవ 2022 అక్టోబర్ 10న మొదలైంది. నంబరు 14416.